పదమూడో నమూనా

గరివిడి మాంగనీసు గుట్ట మీంచి
వేళ్లతో సహా పీకి తెచ్చాడు దాలినాయుడు.
హెర్బేరియం రికార్డుకి వాడికింకా ఒకటి తగ్గింది.
మోకాలెత్తు మొక్క, నాలుగు పసుపు రేకులు,
వేళ్ల సందుల్లో నల్లటి రాతిపొడి.
"పేరేటి మేడమ్?"

ఆవ, అన్నాను
తలెత్తకుండానే.
పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీద పాఠం చెబుతున్నదాన్ని,
నాలుగు రేకులనేసరికి నోటికదే వస్తుంది.
వాడు రాసుకున్నాడు,
నీలం సిరాతో, గుండ్రంగా: ఆవ.

ల్యాబు ఊడుస్తున్న తవిటమ్మ
చీపురు చంకలో పెట్టుకుని వంగి చూసింది.
"ఆవేటమ్మా! ముట్టుకున్నావా దాన్ని?"

ముట్టుకోలేదు.
ముట్టుకుంటే
వేలు వెంటనే ఊడి రాలేదు.
కాడ నిండా నూగు, ప్రతి నూగు కొసనా ఓ తడి చుక్క.
వాన మొహం చూడని ఆగస్టులో
రాళ్ల గుట్ట మీది మొక్కకి ఈ తడెక్కడిది?
వాసన చూశాను.
ముక్కే వెనక్కి తగ్గింది.

అప్పుడు కూర్చున్నాను భూతద్దం పట్టుకుని,
చదువుకున్నవాళ్లకుండే సిగ్గుతో.
ఆవకి కేసరాలు ఆరు, నాలుగు పొడుగు, రెండు పొట్టి.
దీనికి పన్నెండు దాకా లెక్కపెట్టి తప్పిపోయాను.
ఆకు కింద ఐదుగా, పైకి పోతే మూడుగా చీలి ఉంది.
రేకులు నాలుగూ ఒకే పక్కకి,
నలుగురు పిల్లలు ఒక్క బెంచీ మీద ఇరుక్కున్నట్టు.
కాయ సన్నగా, గీతలు గీతలుగా, నిటారుగా.
దానికీ జిగురే.

"కుక్కవామింట" అంది తవిటమ్మ.
"తెల్లపూల వామింట కూరకొస్తాది. ఇది కుక్కది."

పనికిరాదనుకున్న ప్రతిదానికీ ముందు
కుక్కని కట్టేస్తాం, అదేం పాపం చేసిందో.
తవిటమ్మకి ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదట.
ఈవిణ్ణి పురిట్లోనే చేటెడు తవుడుకి అమ్మేసి
తిరిగి కొనుక్కుందట వాళ్లమ్మ.
తక్కువ పేరైతే
చావు కూడా ఆగి చూడదని.

"గని మూసేసిన ఏడు, ఆవాలు కొనలేక
ఈటి గింజలే దులిపి పోపెట్టీదాన్ని.
ఆవాలైతే సిటపటమని నోరు సేస్తాయి కదా,
ఇయ్యి ఒకటో రెండో మాట్లాడతాయి,
తక్కినయ్యి నల్లగా ఊరుకుంతాయి.
మా ఆయన వసారాలో కూకుని
మూకుడు సప్పుడు బట్టే సెప్పీవోడు,
ఇయాల కూడా డబ్బుల్లేవని."

పుస్తకంలో ఉపయోగాల కింద
ఈ సంగతి లేదు.
చెవిపోటుకి ఆకు పసరు అని ఉంది.

పార వెనకాల, లారీ టైరు వెనకాల
నడిచి వచ్చే మొక్క ఇది.
నేలని ఎవరో ఒకరు కదపాలి.
నేల కుదుటపడి గడ్డి చిక్కబడితే
చెప్పకుండా వెళ్లిపోతుంది.
ఆయుష్షు ఒక్క వాన కాలం.
గుట్ట చదును చేసి ప్లాట్లు వేస్తారని విన్నాను,
హద్దురాళ్ల చుట్టూ మళ్లీ ఇదే చూస్తాం కాబోలు.

వారం పోయాక పాత పేపరు మడత విప్పితే
మొక్క ఎండింది గానీ జిగురు ఎండలేదు.
ఆకు వెనక వార్త ముక్కొకటి అంటుకొచ్చింది,
తిరగబడ్డ అక్షరాల్లో "రేపటి నుంచి".
గోరుతో గీకబోయాడు దాలినాయుడు.
ఉండనీరా, అన్నాను.

చీటీ రాయించాను.
ఆవ కొట్టేసి, కుక్కవామింట.
కింద: క్లియోమ్ విస్కోసా. విస్కోసా అంటే జిగురుది.
దొరికిన చోటు: గరివిడి, తవ్విపోసిన గుట్ట.
సేకరించినది: దాలినాయుడు.
గుర్తించినది దగ్గర వాడు నా పేరు మొదలెట్టాడు,
చెయ్యి పట్టుకుని ఆపాను.
తవిటమ్మ, అని రాయించాను.

ఏం రాశామో చదివి వినిపించమంది.
విన్నది.
చీపురు మార్చి పట్టుకుంది.
"కుక్కదానికి రెండు పేర్లు రాసి
నాకొకటే రాసినారేటి?
ఇజ్జిరోతు తవిటమ్మ అని రాయి బాబూ.
ఇజ్జికి జ వత్తుంతాది."